నాలుగు దుకాణాలు, ఒకే ధర: విమాన జీపీఎస్‌ల మీద కనీస ధర ఎవరు పెడతారు, ఎందుకు పెడతారు

(ప్రసంగ పాఠం. చివర సభికుల ప్రశ్నలు, జవాబులు)

అందరికీ నమస్కారం.

ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వెళ్తాను. అమెరికాలో చిన్న విమానాలు నడిపేవాళ్లు వాడే, చేతిలో పట్టే సైజు హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్ ఒకటి కొనాలనుకోండి. నాలుగు దుకాణాల వెబ్‌సైట్లు పక్కపక్కన తెరిచి చూస్తే చాలాసార్లు నాలుగింట్లోనూ ధర ఒకటే ఉంటుంది, సెంట్లతో సహా. ఒక దుకాణం తూర్పు తీరంలో ఉంటుంది, ఇంకొకటి పడమటి తీరంలో. ఒకటి ఎయిర్‌పోర్టు ఆవరణలో అద్దె కట్టుకుంటూ నడుస్తుంది, ఇంకొకటి ఊరిబయట గోడౌన్ నుంచి పార్సిళ్లు పంపుతుంది. ఎవరి ఖర్చులు వాళ్లవి, ధర మాత్రం అందరిదీ ఒకటే. అవే దుకాణాల్లో ఇంజన్ ఆయిల్ చూడండి, టైర్లు చూడండి, అంతో ఇంతో తేడా కనిపిస్తుంది. జీపీఎస్ దగ్గరికి వచ్చేసరికి అందరూ కూడబలుక్కున్నట్టు ఒకే అంకె.

నిజంగానే కూడబలుక్కున్నారా అంటే, లేదు. దుకాణదారులు తమలో తాము మాట్లాడుకుని ధర ఖాయం చేసుకుంటే అమెరికా చట్టంలో అది క్రిమినల్ నేరం. 1890 నాటి షెర్మన్ చట్టం కింద జైలుకు కూడా పంపుతారు. ఈ అంకె పక్క దుకాణం నుంచి రాలేదు, పైనుంచి వచ్చింది. వస్తువు తయారుచేసిన కంపెనీయే "ఇంతకు తక్కువకి అమ్మితే మీకు సరుకు పంపం" అని డీలర్లకు చెప్పింది. ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే.

ఇందులో రెండు రకాలున్నాయి. జనం వీటిని కలిపేస్తుంటారు, కొనేవాడికి మాత్రం తేడా డబ్బులోనే తెలుస్తుంది. మొదటిది ప్రకటన ధర మీద అదుపు. డీలర్ ఎంతకైనా అమ్ముకోవచ్చు, కానీ ఫలానా అంకె కంటే తక్కువ ధరని కేటలాగ్‌లోనూ, సైట్‌లోనూ చూపించకూడదు. "ధర చూడాలంటే కార్ట్‌లో వేయండి" అని మీరు ఎప్పుడో చూసే ఉంటారు. ఆ సైట్ వాళ్లు మిమ్మల్ని ఆటపట్టించడం లేదు. కార్ట్‌లో పడ్డాక కనిపించేది ప్రకటన కాదు, అమ్మకం అన్న వాదన మీద నడుస్తున్న వ్యవహారం అది. "ధర కోసం ఫోన్ చేయండి" అన్నా ఇదే సంగతి. రెండోది అసలు అమ్మకపు ధర మీదే అదుపు. కార్ట్‌లో వేసినా, ఫోన్ చేసినా, కౌంటర్ ముందు నిలబడి బతిమాలినా అంకె మారదు. నాలుగు సైట్లలోనూ, నాలుగు ఫోన్ కాల్స్‌లోనూ అదే ధర వస్తే మీరు రెండో రకం ఎదురుగా ఉన్నారన్నమాట.

ఇక్కడ మామూలు బుద్ధికి ఒక అనుమానం రావాలి. కంపెనీ తన వస్తువుని డీలర్‌కి టోకు ధరకి అమ్మేసింది. తన డబ్బు తనకి వచ్చేసింది. డీలర్ తన లాభం కొంత వదులుకుని తక్కువకి అమ్మితే ఇంకా ఎక్కువమంది కొంటారు, కంపెనీకి ఇంకా ఎక్కువ ఆర్డర్లు వస్తాయి. మరి డిస్కౌంట్ అంటే కంపెనీకి ఎందుకంత కోపం?

దీనికి ఆర్థికవేత్త లెస్టర్ టెల్సర్ 1960లో ఇచ్చిన జవాబు ఇప్పటికీ కోర్టుల్లో వినిపిస్తుంది. ఒక డీలర్ డెమో ముక్క కొని కౌంటర్ మీద పెడతాడు. తెలిసిన మనిషిని జీతమిచ్చి కూర్చోబెడతాడు. కొనేవాడు వచ్చి గంటసేపు మీటలు నొక్కి చూస్తాడు. దారి మధ్యలో ఇంకో ఎయిర్‌పోర్టుకి మళ్లాలంటే ఎలా, ముందు ఉన్న కొండ ఎరుపు రంగులోకి ఎప్పుడు మారుతుంది, ఉపగ్రహం నుంచి వచ్చే వాతావరణ చిత్రం ఎన్ని నిమిషాల పాతది, ఇవన్నీ అడిగి తెలుసుకుంటాడు. థాంక్స్ చెప్పి ఇంటికెళ్లి, గోడౌన్‌వాడి దగ్గర యాభై డాలర్లు తక్కువకి ఆర్డర్ పెడతాడు. సొమ్మొకడిది సోకొకడిది. నాలుగుసార్లు ఇలా అయ్యాక మొదటి డీలర్ డెమో ముక్క తీసేస్తాడు, మనిషిని మాన్పిస్తాడు. చివరికి వస్తువు గురించి చెప్పేవాడే లేక కంపెనీ నష్టపోతుంది. అందుకని అందరికీ ఒకే ధర పెడితే, డీలర్లు ధర మీద కాకుండా సేవ మీద పోటీపడతారు. వాదన ఇదీ.

వాదన బాగానే ఉంది. ఏ వస్తువు విషయంలో బాగుంది అన్నదే నా ప్రశ్న. దానికి ముందు చట్టం నడిచిన దారి చెప్పాలి. అది పూర్తిగా అమెరికా కథ.

1911. డాక్టర్ మైల్స్ అని ఇండియానా రాష్ట్రం ఎల్క్‌హార్ట్‌లో ఒక మందుల కంపెనీ. సుమారు 400 మంది టోకు వర్తకులతో, 25 వేల మంది చిల్లర వర్తకులతో ధరల ఒప్పందాలు రాయించుకుంది. జాన్ పార్క్ అండ్ సన్స్ అనే టోకు సంస్థ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టకుండా, సంతకం పెట్టినవాళ్ల దగ్గర సరుకు సంపాదించి తక్కువకి అమ్మింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జస్టిస్ హ్యూస్ రాసిన తీర్పు సారాంశం: నువ్వు అమ్మేశావు, డబ్బు తీసుకున్నావు, ఇక ఆ వస్తువు తర్వాత ఎంతకి చేతులు మారుతుందో నీకు అనవసరం. జస్టిస్ హోమ్స్ ఒప్పుకోలేదు, విడిగా రాశాడు. అయినా తర్వాత 96 ఏళ్లపాటు కనీస అమ్మకపు ధర ఒప్పందం కనబడితే చాలు, కారణం అడిగే పని లేకుండా చట్టవిరుద్ధమే (మధ్యలో ఒక మినహాయింపు ఉంది, దానికి వస్తాను).

కానీ 1919లోనే కోల్గేట్ కేసులో సందు దొరికింది. సబ్బులూ టూత్‌పేస్టులూ అమ్మే ఆ కోల్గేటే. అక్కడ కోర్టు ఏమందంటే, ఒప్పందం చేసుకుంటే తప్పు. కానీ ఒక కంపెనీ తనంతట తాను "నా షరతు ఇదీ" అని ముందే ప్రకటించి, పాటించనివాడికి సరుకు ఇవ్వడం మానేస్తే అది దాని ఇష్టం. ఎవరితో వ్యాపారం చేయాలో ఎవరికి వాళ్లు నిర్ణయించుకోవచ్చు. కర్ర విరగకుండా పాము చావకుండా అంటారే, అదీ తీర్పు.

దీని ప్రభావం ఈరోజు డీలర్లకు వచ్చే ఉత్తరాల్లో కనిపిస్తుంది. ఇలాంటి ధరల విధానం పంపే ఉత్తరం చదివితే మీకు నవ్వొస్తుంది. "ఇది మా ఏకపక్ష విధానం. మీరు దీన్ని పాటిస్తామని మాకు హామీ ఇవ్వనక్కరలేదు. ఇచ్చినా మేం స్వీకరించం. దీని గురించి మా సేల్స్ ప్రతినిధితో చర్చించవద్దు." మామూలుగా వ్యాపారంలో హామీలు అడుగుతారు, ఇక్కడ హామీ ఇస్తానంటే వద్దంటున్నారు. ఎందుకంటే డీలర్ "సరే సార్, ఇకనుంచి పాటిస్తాను" అన్నాడంటే అది ఒప్పందంలా కనిపిస్తుంది. 1960లో పార్క్ డేవిస్ అనే మందుల కంపెనీ సరిగ్గా అలా డీలర్లతో మాటలు కలిపి, ఒప్పించి, కోర్టులో ఇరుక్కుంది.

మధ్యలో ఇంకో ఘట్టం. 1930ల మాంద్యంలో చిన్న దుకాణాలు, ముఖ్యంగా మందుల షాపులవాళ్లు, పెద్ద గొలుసు దుకాణాల దెబ్బకి తట్టుకోలేక రాష్ట్ర ప్రభుత్వాల మీద ఒత్తిడి తెచ్చారు. 1931లో కాలిఫోర్నియా కనీస ధర ఒప్పందాలకు అనుమతిస్తూ చట్టం చేసింది, మిగతా రాష్ట్రాలు వరస కట్టాయి, 1937లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) కూడా మినహాయింపు ఇచ్చింది. దాదాపు నాలుగు దశాబ్దాలు నడిచాక ధరలు పెరగడం తప్ప సాధించిందేమీ లేదని తేల్చి 1975లో కాంగ్రెసే ఆ మినహాయింపుని రద్దు చేసింది. గమనించండి, ఇది గట్టిగా కోరింది తయారీదారుల కంటే ఎక్కువగా దుకాణదారులు. ఈ ముక్క మళ్లీ పనికొస్తుంది.

ఇక 2007. లీజిన్ కేసు. బ్రైటన్ పేరుతో బెల్టులు, హ్యాండ్‌బ్యాగులు చేసే కంపెనీ లీజిన్. టెక్సస్‌లోని లూయిస్‌విల్‌లో కేస్ క్లోజెట్ అనే చిన్న బట్టల దుకాణం బ్రైటన్ సరుకుని 20 శాతం తగ్గించి అమ్మింది. కంపెనీ సరుకు ఆపేసింది. ఆ దుకాణం లాభంలో దాదాపు సగం బ్రైటన్ నుంచే వచ్చేది. కింది కోర్టులో జ్యూరీ 12 లక్షల డాలర్ల నష్టపరిహారం ఇవ్వమంది, చట్టం ప్రకారం అది మూడింతలైంది. సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో మొత్తం తిరగేసింది. 1911 నాటి కట్టడిని ఎత్తేసి, ఇకమీదట ఒక్కో కేసులోనూ మంచిచెడ్డలు తూచి చూడమంది.

జస్టిస్ కెన్నెడీ రాసిన మెజారిటీ తీర్పులో నడిచింది టెల్సర్ వాదనే: సేవ నిలబడాలంటే లాభం ఉండాలి, ఒక బ్రాండ్ ధర ఎక్కువ పెడితే ఇంకో బ్రాండ్ దాన్ని ఓడిస్తుంది, బ్రాండ్ల మధ్య పోటీ ఉన్నంతవరకు కొనేవాడికి భయం లేదు. జస్టిస్ బ్రయర్ వ్యతిరేకించాడు. పదోవంతు తయారీదారులు ఇలాంటి ధరలు పెట్టినా సగటున నలుగురున్న కుటుంబం మీద ఏడాదికి 750 నుంచి 1,000 డాలర్ల అదనపు భారం పడొచ్చని పాత లెక్కల ఆధారంగా రాశాడు.

నా అభిప్రాయం ఇప్పుడే చెప్పేస్తాను, చివరిదాకా దాచను. విమాన జీపీఎస్‌లలో రెండు జాతులున్నాయి. ఒకదాని విషయంలో కెన్నెడీ చెప్పింది నిజం. రెండోదాని విషయంలో బ్రయర్ చెప్పింది నిజం. కంపెనీలు మొదటిదాని పేరు చెప్పి రెండోదాని మీద కూడా ధర కట్టాయి.

మొదటి జాతి, విమానం ప్యానెల్‌లో బిగించేవి. 1998లో వచ్చిన గార్మిన్ కంపెనీ జీఎన్ఎస్ 430 పేరు పైలట్లు ఎవరినడిగినా చెబుతారు. ఇలాంటి పెట్టెని అట్టపెట్టెలోంచి తీసి ప్యానెల్‌లో తోసేస్తే పనిచేయదు. విమానం పైభాగంలో రేకుకి రంధ్రం చేసి యాంటెన్నా బిగించాలి, ఆ రంధ్రం చుట్టూ లోపలినుంచి బలం కోసం ఇంకో రేకు వేయాలి. కనెక్టర్‌లో పిన్నులు ఒక్కొక్కటే నొక్కి బిగించి తీగలు కట్టాలి. ఆటోపైలట్‌తో, సూచీలతో మాట్లాడించాలి. విమానంలో చేసిన మార్పుని నమోదు చేసే ఎఫ్.ఏ.ఏ. (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఫారం 337 నింపాలి, ఫ్లైట్ మాన్యువల్‌కి అనుబంధం చేర్చాలి.

ఇంత చేశాక ఒక పరీక్ష ఉంది, నాకు చాలా ఇష్టమైనది. మెకానిక్ విమానాన్ని ఆరుబయట పెట్టి, రేడియోని 121.175 మెగాహెర్ట్జ్ మీద పెట్టి మైక్ మీట కొన్ని సెకన్లపాటు నొక్కి పట్టుకుంటాడు. జీపీఎస్ తెర మీద ఉపగ్రహాల బలం చూపించే గీతలు పడిపోతున్నాయేమో చూస్తాడు. తర్వాత 131.275. ఆ అంకెలే ఎందుకు? 121.175ని 13తో హెచ్చించండి, 1575.275 వస్తుంది. 131.275ని 12తో హెచ్చించండి, 1575.3. జీపీఎస్ ఉపగ్రహం పంపే సంకేతం 1575.42 మీద ఉంటుంది. అంటే మీ రేడియో మీట నొక్కినప్పుడల్లా దాని ప్రతిధ్వని లాంటిది సరిగ్గా జీపీఎస్ చెవిలో పడొచ్చు. మేఘాల్లో దిగుతూ కంట్రోలర్‌కి జవాబు చెబుతున్న క్షణంలో జీపీఎస్ మాయమైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. దీన్ని పట్టుకునేవాడు డీలరే. అతనికి లాభం మిగలాలనడంలో నాకు అభ్యంతరం లేదు. ఇలాంటి పెట్టెని ఇంటర్నెట్‌లో ఎవడో చవకగా అమ్మేసి, బిగించే బాధ్యత ఇంకొకడి నెత్తిన పడేస్తే వచ్చే గొడవలు ఆ షాపులవాళ్లని అడిగితే కథలు కథలుగా చెబుతారు.

రెండో జాతి హ్యాండ్‌హెల్డ్. దీనికి ఎఫ్.ఏ.ఏ. ఆమోదం అక్కర్లేదు, అందుకే పరికరాల సాయంతో చేసే ప్రయాణానికి దీన్ని అధికారిక ఆధారంగా వాడుకోవడానికీ లేదు. యోక్‌కి (విమానం స్టీరింగ్ లాంటిది) క్లాంప్ వేసి బిగించుకుంటారు, లేదా అద్దానికి అంటించుకుంటారు. సిగరెట్ లైటర్ సాకెట్‌లోంచి కరెంటు తీసుకుంటుంది. బిగించడానికి పట్టేది ఐదు నిమిషాలు. మరి డీలర్ చేసిన సేవేమిటి? పార్సిల్ కట్టడం. పరికరం ఎలా వాడాలో చెప్పే వీడియోలు ఊరికే దొరుకుతాయి, మాన్యువల్ కంపెనీ సైట్‌లోనే ఉంటుంది, దాన్ని అనుకరించి చూపే సిమ్యులేటర్ కూడా చాలా మోడళ్లకి దొరికేది. ఎయిర్‌పోర్టుల సమాచారం 28 రోజులకొకసారి మారుతుంది కదా, ఆ కొత్త డేటాబేస్ కూడా డీలర్ ఇవ్వడు, కంపెనీ నుంచే నేరుగా కొనుక్కోవాలి. అంటే అమ్మకం అయ్యాక కూడా కంపెనీకి ఆదాయం ఉంది, డీలర్‌కి పని లేదు.

అయినా రెండో జాతి మీద కూడా కనీస ధర ఎందుకు? నాకు కనిపించే కారణాలు ఇవీ. హ్యాండ్‌హెల్డ్ అమ్మేదీ, ప్యానెల్ పెట్టెలు బిగించేదీ చాలా చోట్ల అదే డీలర్. వాళ్లు అలిగితే కంపెనీకి పెద్ద సరుకు కదలదు. "మా కౌంటర్ మీద లాభం పోతోంది, గోడౌన్‌వాళ్లని అదుపు చేయండి" అని డీలర్లు అడిగినప్పుడు కంపెనీ వినక తప్పదు. 1930ల మందుల షాపులవాళ్లు గుర్తున్నారా? అందుకే లీజిన్ తీర్పులో కెన్నెడీయే ఒక జాగ్రత్త చెప్పాడు: ధర కట్టమని అడిగింది ఎవరో చూడండి, దుకాణదారులైతే అనుమానించండి. ఆ రంగంలో ఎంతమంది తయారీదారులు ఇలా చేస్తున్నారో చూడండి. చేస్తున్న కంపెనీకి మార్కెట్ మీద ఎంత పట్టు ఉందో చూడండి.

ఈ మూడో మాట దగ్గర విమాన రంగం ఇరుకున పడుతుంది. అమెరికాలో చిన్న విమానాలు రెండు లక్షల పైచిలుకు. కార్లు కోట్లలో ఉన్నాయి. కారు జీపీఎస్‌ని పెద్ద పెద్ద డిస్కౌంట్ దుకాణాలు అమ్మాయి కాబట్టి 2000ల మధ్యలో వాటి ధరలు ఏడాదికేడాది జారిపోయాయి. విమానాల సరుకుకి అంత గిరాకీ లేదు, అమ్మేవాళ్లు కొద్దిమంది, తయారుచేసేవాళ్లు అంతకంటే కొద్దిమంది. గ్యారీ బరెల్, మిన్ కావ్ 1989లో కాన్సాస్‌లో పెట్టిన గార్మిన్ 2003లో విమాన పరికరాలు చేసే యూపీఎస్ ఏవియేషన్ టెక్నాలజీస్‌ని కొనేసింది. లోరెన్స్ సంస్థ ఎయిర్‌మ్యాప్ పేరుతో చవక హ్యాండ్‌హెల్డ్‌లు తెచ్చింది గానీ నిలవలేదు. బెండిక్స్ కింగ్ 2008లో చవక మోడల్‌తో వచ్చింది, అదీ అంతంతే. గార్మిన్ హ్యాండ్‌హెల్డ్‌లు జీపీఎస్‌మ్యాప్ 396, 496 లాంటివి కొనాలంటే రెండు వేల డాలర్లు దాటి పెట్టాల్సిన రోజులవి. "ఇంకో బ్రాండ్ వచ్చి ఓడిస్తుంది" అన్న కెన్నెడీ ధైర్యం ఇక్కడ పలచబడింది.

ఓడించే బ్రాండ్ మాత్రం చివరికి వచ్చింది. అది విమాన రంగం నుంచి రాలేదు. 2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ వచ్చింది. వై-ఫై మోడల్ 499 డాలర్లు, కానీ అందులో జీపీఎస్ చిప్ లేదు. పైలట్లు 629 డాలర్ల సెల్యులార్ మోడల్ కొన్నారు, సిమ్ వేయకపోయినా అందులో జీపీఎస్ పనిచేస్తుంది కాబట్టి. ఫోర్‌ఫ్లైట్ లాంటి యాప్‌కి ఏడాది చందా కడితే మ్యాపులు, అప్రోచ్ ప్లేట్లు (ఎయిర్‌పోర్టులో దిగే దారి చూపే పటాలు), వాతావరణం అన్నీ 9.7 అంగుళాల తెర మీద. రెండు వేల డాలర్ల పెట్టె తెర అందులో సగం కూడా లేదు. విడ్డూరం ఏమిటంటే ఐప్యాడ్ ధర కూడా అప్పట్లో ఏ దుకాణంలో చూసినా దాదాపు ఒకటే! కట్టుదిట్టమైన ధర ఉన్న ఒక వస్తువు, కట్టుదిట్టమైన ధర ఉన్న ఇంకో వస్తువుని కిందికి లాగింది. కెన్నెడీ సిద్ధాంతం ఆ లెక్కన నిజమే అయింది. కాకపోతే బయటి రంగంవాడు ఇంకేదో పనికోసం చేసిన వస్తువు వచ్చేదాకా పైలట్లు ఆగాల్సి వచ్చింది. దాన్ని సిద్ధాంతం గెలుపు అంటే నేను ఒప్పుకోను, అదృష్టం అంటాను.

హ్యాండ్‌హెల్డ్ చచ్చిపోలేదు, అది కూడా చెప్పాలి. ఐప్యాడ్ పనిచేసే పరిసర ఉష్ణోగ్రత పరిమితి 35 డిగ్రీలు. వేసవిలో అద్దాల గది లాంటి కాక్‌పిట్‌లో ఎండ తగిలితే "చల్లబడేదాకా ఆగండి" అని తెర నల్లబడుతుంది. ఎండలో కనిపించే తెర, వేడికి ఆగే పెట్టె కావాలనుకునేవాళ్లు ఇప్పటికీ ప్రత్యేక పరికరమే కొంటారు. కానీ ఇప్పుడది ఇష్టపడి కొనేది, గతిలేక కొనేది కాదు.

ధర కదలకపోతే పోటీ ఆగిపోదు, పక్కదారులు పడుతుంది. అన్నిటికంటే పెద్ద పక్కదారి అమ్మకపు పన్ను. 2018 దాకా అమెరికాలో ఒక రాష్ట్రం దుకాణం, తనకి శాఖ లేని ఇంకో రాష్ట్రంలోని కొనుగోలుదారు దగ్గర పన్ను వసూలు చేయనక్కరలేదు. చట్టప్రకారం కొన్నవాడే తన రాష్ట్రానికి కట్టాలి, కట్టినవాళ్లు తక్కువ. లెక్క చూడండి: రెండు వేల డాలర్ల వస్తువు మీద ఎనిమిది శాతం పన్నంటే 160 డాలర్లు. ధర అందరిదీ ఒకటే అయినప్పుడు ఆ 160 డాలర్లే అసలు డిస్కౌంట్. ఎవరిని కాపాడాలని కనీస ధర పెట్టారో, ఆ ఊళ్లోని డెమో కౌంటర్ డీలరే ఇక్కడ నష్టపోయాడు, ఎందుకంటే అతను తన ఊరి మనిషి దగ్గర పన్ను వసూలు చేయక తప్పదు, ధర తగ్గించి సర్దుబాటు చేద్దామంటే కంపెనీ ఒప్పుకోదు. 2018 జూన్‌లో వేఫేర్ అనే ఆన్‌లైన్ దుకాణం కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఈ దారిని చాలావరకు మూసేసింది. మిగతావి మీకు తెలిసినవే, ఉచిత రవాణా, గిఫ్ట్ కార్డు, ఊరికే ఒక మౌంట్ (పరికరాన్ని నిలబెట్టే స్టాండు).

ఇంకొక సంగతి చెప్పి ప్రశ్నలకు వస్తాను. 2020 జనవరి 1 నుంచి అమెరికాలో చాలా గగనతలంలో ఏడీఎస్-బీ అవుట్, అంటే విమానం తానెక్కడుందో తానే ప్రసారం చేసే పరికరం, తప్పనిసరి. గడువు దగ్గరపడుతున్నా విమానాల యజమానులు కదలకపోతే ఎఫ్.ఏ.ఏ. 2016లో 500 డాలర్ల చొప్పున 20 వేల రిబేట్లు ప్రకటించింది. ప్రభుత్వమే తన జేబులోంచి డిస్కౌంట్ ఇచ్చింది. అదే సమయంలో రెక్క చివర లైటు స్థానంలో బిగించే చిన్న పరికరాలతో యూఏవియానిక్స్ లాంటి కొత్త కంపెనీలు దిగాయి, పాతవాళ్లూ చవక మోడళ్లు తీశారు. సమాచారం అందుకునే రిసీవర్ల వైపు చూస్తే, 2015లో స్ట్రాటక్స్ అని ఒకటి వచ్చింది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, చవక రేడియో డాంగిల్ కొని ఎవరికి వాళ్లు ఇంట్లో కట్టుకునే ఓపెన్ సోర్స్ పెట్టె. దానికి డీలర్ లేడు, కాబట్టి కనీస ధర పెట్టడానికి ఎవరూ లేరు.

ఇక అడగండి.

సభలో ఒకరు: సార్, డీలర్‌కి ఫోన్ చేసి అడిగితే తగ్గిస్తాడా?

ప్రకటన ధర మీదే అదుపు ఉంటే తగ్గించవచ్చు, అడగాల్సిందే. అడిగితేగాని అమ్మైనా పెట్టదు. అమ్మకపు ధర మీదే అదుపు ఉంటే ఆ వస్తువు మీద తగ్గించమని అతన్ని ఇబ్బంది పెట్టకండి, దొరికిపోతే అతనికి ఆ బ్రాండ్ సరుకే ఆగిపోతుంది. మీ పాత పరికరానికి ఎంత కడతాడో అడగండి. ప్యానెల్ పని కూడా చేయిస్తుంటే కూలీ గంటల దగ్గర మాట్లాడండి, ఎందుకంటే కూలీ ధర అతనిది, కంపెనీది కాదు. ఒకటి గుర్తుంచుకోండి, కొన్ని కంపెనీల విధానాల్లో పాత సరుకు మార్పిడినీ, ఊరికే ఇచ్చే వస్తువులనీ కూడా డిస్కౌంట్ కింద లెక్కేస్తారు.

ఒక మహిళ: మీరు చెప్పినట్టు హ్యాండ్‌హెల్డ్ మీద కనీస ధర తీసేస్తే చిన్న ఏవియానిక్స్ (విమాన ఎలక్ట్రానిక్స్) షాపులు మూతపడవా? ఆ లాభంతోనే కదా వాళ్లు నడిచేది?

మంచి ప్రశ్న మేడమ్. కొంత దెబ్బ తగులుతుంది, కాదనను. కానీ ఆ షాపు బతకాల్సింది దానికి తెలిసిన పని మీద, అంటే బిగించడం, పరీక్షించడం, రిపేరు. ఇందాకటి రేడియో పరీక్షకి డబ్బు తీసుకోమనండి, సంతోషంగా ఇస్తాను. హ్యాండ్‌హెల్డ్ కొన్న ఒక స్టూడెంట్ పైలట్ దగ్గర ఎక్కువ తీసుకుని, ప్యానెల్ చేయించుకునే విమాన యజమానికి ఆ షాపుని నిలబెట్టడం నాకు న్యాయంగా అనిపించదు. ఇద్దరిలో డబ్బున్నవాడు రెండోవాడు.

సభలో ఒకరు: అన్ని రాష్ట్రాల్లోనూ ఇది చట్టబద్ధమేనా?

కాదు. లీజిన్ తీర్పు ఫెడరల్ చట్టం గురించి. మేరీల్యాండ్ 2009లో తన సొంత చట్టం మార్చుకుని కనీస అమ్మకపు ధర ఒప్పందాలు చెల్లవంది. కాంటాక్ట్ లెన్సుల కంపెనీలు ఇలాంటి ధరలు పెడితే యూటా 2015లో వాటికోసమే ప్రత్యేకంగా చట్టం చేసింది. యూరప్ వైపు వెళితే అసలు లెక్కే వేరు. అక్కడ కనీస అమ్మకపు ధర కట్టడం తీవ్రమైన ఉల్లంఘనల్లో ఒకటి, 2022లో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ దాన్ని అక్కడే ఉంచారు. అయితే కోల్గేట్ సందు ఉందని చెప్పాను కదా, అమెరికాలో ఒప్పందం కాకుండా ఏకపక్ష ప్రకటన రూపంలో ఉంటే రాష్ట్రాల చట్టాలతో పట్టుకోవడం కూడా అంత తేలిక కాదు.

సభలో ఒకరు: జూలైలో ఆష్‌కాష్‌లో జరిగే ఎయిర్‌వెంచర్ విమానాల ప్రదర్శన దాకా ఆగమంటారా? అక్కడ ధరలు తగ్గుతాయంటారు.

తగ్గుతాయి, కానీ ఆ తగ్గింపు ఎవరిదో చూడండి. షో సమయంలో వచ్చే రిబేట్ ఎక్కువగా కంపెనీ ఇచ్చేదే, అందుకే అది విస్కాన్సిన్‌లోని ఆ గుడారంలోనే కాదు, అదే వారం మీ ఇంట్లో కూర్చుని ఆర్డర్ పెట్టినా చాలాసార్లు దొరుకుతుంది. ధర తగ్గించే కుళాయి డీలర్ చేతిలో లేదు, కంపెనీ చేతిలో ఉంది. కొత్త మోడల్ ప్రకటించే ముందు పాత సరుకు ఖాళీ చేయడానికి దాన్ని తిప్పుతారు. కాబట్టి తొందర లేకపోతే ఆగండి. జూన్‌లో కొనక తప్పకపోతే, రిటర్న్ గడువు జూలై ఆఖరు దాటి ఉన్న దుకాణంలో కొనండి. ధర అన్నిచోట్లా ఒకటే అయినప్పుడు మీరు ఎంచుకోగలిగింది ఆ గడువునే.